చేతిలో ఒక ఆఫర్, నోటిమాటగా ఇంకొకటి: నా అనుభవం

నిన్న సాయంత్రం పాత కంపెనీ నుంచి రిలీవింగ్ లెటర్ చేతికి వచ్చింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. కోపం చల్లారితే సగం విషయాలు మరిచిపోతానని ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను.

జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ఏడేళ్ళు పనిచేశాను. క్వాలిటీ కంట్రోల్ విభాగం. హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద మాత్రలో మందు ఎంత ఉంది, మలినాలు ఎంత ఉన్నాయి అన్నది తేల్చి సంతకం పెట్టడం నా పని. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ రెండుసార్లు నా బల్ల దాకా వచ్చింది. లోపాలు కనబడితే వాళ్ళు రాసిచ్చే పత్రాన్ని మేము 483 అంటాం. ఆ అంకె వింటేనే మేనేజర్లకు చెమటలు పడతాయి. రెండు తనిఖీల్లోనూ నా నోటుపుస్తకాల మీద గానీ, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నా కంప్యూటర్ నమోదు చేసే ఆడిట్ ట్రయల్ మీద గానీ ఒక్క అభ్యంతరం రాలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే దాని వెనక ఏడేళ్ళ జాగ్రత్త ఉంది.

ల్యాబులో చేరిన మొదటి రోజే మాకు ఒక మాట నేర్పుతారు: రాయనిది జరగనట్టే. తూకం చూసి తర్వాత రాసుకుందాంలే అనుకుని చిన్న చీటీ మీద గీకి పెట్టుకుంటే అది తప్పు. చూసిన క్షణంలోనే, పుస్తకంలోనే, తేదీతో రాయాలి. ఈ అలవాటు నాకు రక్తంలో కలిసిపోయింది. నాకు జరిగినది అర్థం కావాలంటే ఈ మాట తెలిసి ఉండాలి.

ఉద్యోగం మారదామని రెండుచోట్ల ప్రయత్నించాను. వాటిలో విశాఖపట్నం దగ్గర పరవాడ ఫార్మా సిటీలోని కంపెనీ వ్యవహారం నల్లేరు మీద నడకలా సాగింది. ఫోనులో ఒక ఇంటర్వ్యూ జరిగింది. తర్వాత సికింద్రాబాదులో గోదావరి ఎక్కి, తెల్లవారుజామున దువ్వాడలో దిగి నేరుగా ఇంకొకటి ఇచ్చి వచ్చాను. పది రోజులకు, ఒక మంగళవారం, ఆఫర్ లెటర్ వచ్చింది. ఏడు రోజుల్లో జవాబు చెప్పాలన్నారు.

లెటర్‌లో ఏడాదికి 7,80,000 అని ఉంది. నెలకు 65,000 అనుకుని మా అమ్మ సంతోషంతో కంట నీరు పెట్టుకుంది. నేను మాత్రం రెండో పేజీ తీసి కాగితం, పెన్ను పట్టుకున్నాను. అందులో 78,000 పనితీరు బోనస్. ఏడాది చివర రేటింగ్ బాగుంటేనే వస్తుంది. మూల వేతనం నెలకు 32,500. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే ఏడాదికి 46,800. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద 4.81 శాతం చొప్పున 18,759. ఆరోగ్య బీమా ప్రీమియం 12,000. ఇవన్నీ తీసేస్తే నెలకు 52,037 మిగిలింది. అందులోంచి నా వాటా పీఎఫ్ 3,900, వృత్తి పన్ను 200 పోతే చేతికి వచ్చేది 47,937. అరవై అయిదు వేల ఉద్యోగం నలభై ఎనిమిది వేలకు దిగింది. అయినా అప్పుడు నా చేతికి వస్తున్నది 36,900. పైగా మా అమ్మానాన్నలు చోడవరంలో ఉంటారు. పరవాడ నుంచి గంటన్నర దారి. నాన్నకు పోయిన ఏడాది గుండెకు స్టెంట్ వేశారు. ఆ రాత్రి హైదరాబాదు నుంచి బస్సులో కూర్చుని తెల్లవార్లూ ఎలా వెళ్ళానో నాకే తెలుసు.

అయితే వెంటనే సంతకం ఎందుకు పెట్టలేదంటే, హైదరాబాదు దగ్గరే తుర్కపల్లి వైపు ఇంకో కంపెనీ ఉంది. అక్కడ నా రెండు రౌండ్లూ అప్పటికే పూర్తయ్యాయి. అది రోజూ చేసే పరీక్షల ఉద్యోగం కాదు. కొత్త మందుకు పరీక్షా విధానాన్నే తయారుచేసే విభాగం. మా చదువు చదివినవాళ్ళలో చాలామంది కల అది. రెండో రౌండులో ఆ విభాగం మేనేజర్ నన్ను గంటన్నర సేపు అడిగిన ప్రశ్నలు నేను జన్మలో మరిచిపోను. హెచ్‌పీఎల్‌సీ గ్రాఫులో పక్కపక్కన అతుక్కుని వచ్చే రెండు మలినాల శిఖరాలను ఎలా విడదీస్తారని అడిగి, నేను బోర్డు మీద గీస్తుంటే తనూ లేచి వచ్చి పక్కన గీశారు. చివర్లో "మీరు మాకు కావాలమ్మా, మిగతావి హెచ్‌ఆర్‌వాళ్ళు చూసుకుంటారు" అన్నారు. పాప బడి మార్చనక్కరలేదు. మా ఆయన మెడికల్ రిప్రజెంటేటివ్, ఆయన ఏరియా మారనక్కరలేదు. నా మనసు పూర్తిగా అటే ఉంది.

అందుకే పరవాడవాళ్ళకు ఉన్నదున్నట్టు మెయిల్ రాశాను: ఇంకోచోట నిర్ణయం రావలసి ఉంది, నాలుగు రోజులు అదనంగా కావాలి అని. మరునాడే ఒప్పుకున్నారు. అడగడానికి భయపడకండి. అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకునే కంపెనీ అయితే అది మనకు వద్దు.

తుర్కపల్లి కంపెనీ హెచ్‌ఆర్ అధికారికి కూడా ఫోను చేసి, నా దగ్గర ఒక ఆఫర్ ఉంది, ఫలానా రోజులోగా జవాబు చెప్పాలి అని చెప్పాను. ఆయన గొంతులో చాలా ఉత్సాహం. గురువారం మధ్యాహ్నం మెయిల్ వచ్చింది: మీ దగ్గరున్న ఆఫర్ లెటర్, మూడు నెలల జీతం స్లిప్పులు పంపండి, చూసి మా ప్రతిపాదన చేస్తాం అని. నేను మొత్తం పంపాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన పెద్ద తప్పు అదే. ఎవరు అడిగినా ఆఫర్ లెటర్ పంపకండి. మరీ పట్టుబడితే కంపెనీ పేరు, అంకెలు మూసేసి, లెటర్ ఉందని మాత్రం తెలిసేలా చూపించండి. లెటర్ పంపడమంటే మన చేతిలో ఉన్న ఒక్క బలాన్ని తీసుకెళ్ళి ఎదుటివాళ్ళ బల్ల మీద పెట్టడమే.

శనివారం పది గంటలకు రమ్మన్నారు. ఫైనల్ చేసేద్దాం అన్నారు. మిగిలి ఉన్న ఒకే ఒక్క క్యాజువల్ లీవు పెట్టి, తొమ్మిదిన్నరకల్లా గేటు దగ్గర ఉన్నాను. రిజిస్టర్‌లో పేరు రాయించుకుని, ఫోను తీసుకుని టోకెన్ ఇచ్చారు. మందుల కంపెనీల్లో అది మామూలే. రిసెప్షన్‌లో ఒక నీలం రంగు సోఫా, గోడకు నాణ్యతా విధానం అని పెద్ద ఫ్రేము. పదకొండయింది. సార్ మీటింగులో ఉన్నారన్నారు. పన్నెండున్నరకు మళ్ళీ అడిగితే భోజనానికి వెళ్ళారన్నారు. నన్ను ఎవరూ భోజనానికి పిలవలేదు. బయటికి వెళ్ళి తిని వద్దామంటే ఆలోపు పిలుస్తారేమోనని భయం. నీళ్ళ డబ్బా ఉంది గానీ గ్లాసు లేదు. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి తన సీసాలోంచి కొంచెం నీళ్ళు మూతలో పోసి ఇచ్చింది. ఆ పిల్ల చల్లగా ఉండాలి. ఫోను లేదు కాబట్టి ఇంటికి చెప్పే వీలు కూడా లేదు. ఆ ఫ్రేములో ఉన్న పదకొండు వాక్యాలు నాకు కంఠతా వచ్చేశాయి.

మూడు గంటల నలభై నిమిషాలకు పిలిచారు. అంటే అయిదు గంటల నలభై నిమిషాలు.

అది విడి గది కాదు. పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నారు. ఆ హెచ్‌ఆర్ అధికారి నా ఆఫర్ లెటర్ ముద్రించి తన ముందు పెట్టుకున్నారు. 7,80,000 కింద ఎర్ర సిరాతో రెండు గీతలు ఉన్నాయి.

"ఇంత జీతం పరవాడవాళ్ళు నిజంగానే ఇస్తామన్నారా, మేడమ్?"

"లెటర్ మీ చేతిలోనే ఉంది కదా, సార్."

"మీ ఇప్పటి జీతం మీద ఇది 38 శాతం ఎక్కువ. మా దగ్గర 20 మించి ఇవ్వం. ఆరు నెలలు చూసి మిగతాది సర్దుతాం."

"ఆ ఆరు నెలల మాట లెటర్‌లో రాస్తారా, సార్?"

"అలాంటివి రాయం. కంపెనీ మాట మీద నమ్మకం ఉండాలి."

నేను జవాబు చెప్పేలోపే ఇంకో కాగితం తీశారు. పెళ్ళయి ఎన్నేళ్ళయింది? పాపకు ఎన్నేళ్ళు? ఆరేళ్ళు అన్నాను. "మరి రెండోది ఎప్పుడు?" అన్నారు. పక్క బల్ల దగ్గర కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ కుర్రాళ్ళు తలెత్తలేదు. కానీ వింటున్నారని తెలుస్తోంది. "ఆ విషయం ఉద్యోగానికి సంబంధించింది కాదు, సార్" అన్నాను. గొంతు వణికింది. "సంబంధం ఎందుకు లేదు? చేరిన ఏడాదికే ఆరు నెలలు సెలవంటే మా ప్రాజెక్టు ఏం కావాలి?" అన్నారు.

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. ఆడవాళ్ళు ఉద్యోగం వదలకుండా ఉండాలని చేసిన సవరణ అది. దాన్నే కారణంగా చూపించి గుమ్మంలోనే ఆపుతున్నారు. నాతో పాటు ఎమ్మెస్సీ చదివిన తొమ్మిది మంది అమ్మాయిల్లో ఇప్పుడు ల్యాబులో ఉన్నది ముగ్గురమే. మిగతా ఆరుగురికీ తెలివి లేకనా? ఇంటర్వ్యూలో మగవాణ్ణి ఈ ప్రశ్న అడిగిన రోజున నన్నూ అడగమనండి, జవాబు చెబుతాను.

అంతటితో అయిపోలేదు. లేస్తుంటే ఆయన ఆ లెటర్‌ను నా వైపు తోస్తూ అన్న మాట వినండి: "ఇంకో కంపెనీ కాగితం చూపించి బేరమాడేవాళ్ళు ఎక్కడా నిలవరు, మేడమ్."

"ఆ కాగితం పంపమని అడిగింది మీరు, సార్. గురువారం మీరు రాసిన మెయిల్ ఉంది."

"ఏదీ, చూపించండి."

నా ఫోను గేటు దగ్గర ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

గేటు దగ్గర టోకెన్ ఇచ్చి ఫోను తీసుకుని, రోడ్డు మీదే నిలబడి ఆ మెయిల్ తెరిచాను. నేను పొరపడ్డానేమో, నేనే ముందుగా పంపానేమో అని ఒక్క క్షణం నామీద నాకే అనుమానం వచ్చింది. మనిషిని అవమానిస్తే జరిగే అసలు నష్టం ఇదే. లేదు, ఉంది. మధ్యాహ్నం 2 గంటల 16 నిమిషాలకు, ఆయన పేరుతో, లెటర్ పంపండి అని స్పష్టంగా ఉంది. ఎండలో నిలబడి మూడుసార్లు చదివాను. అప్పుడు ఏడుపు వచ్చింది.

ఇంటికి వచ్చి చెబితే మా ఆయన అన్నం పెట్టుకొచ్చి ముందు తినమన్నారు. తిన్నాక ఒక్కటే అడిగారు: "వాళ్ళు ఏమైనా రాసిచ్చారా?" లేదన్నాను. "మరి మనం దేని గురించి ఆలోచిస్తున్నాం?" అన్నారు. ల్యాబులో ఏడేళ్ళు రాయనిది నమ్మని దాన్ని, ఆ మేనేజర్ బోర్డు మీద గీసిన గీతలు చూసి పదిహేను రోజులు ఒక నోటిమాట వెంట పరుగెత్తాను. ఆ పని మీద ఆశ అంతగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఆదివారం పరవాడవాళ్ళకు మూడు ప్రశ్నలు రాశాను. బోనస్ రేటింగ్ దేన్నిబట్టి ఇస్తారు? ప్రొబేషన్ ఎన్ని నెలలు, ఆ కాలంలో నోటీసు ఎన్ని రోజులు? సామాను తరలింపు ఖర్చు ఇస్తారా? సోమవారం మూడింటికీ జవాబు మెయిల్‌లోనే వచ్చింది. తరలింపు ఖర్చు ఇవ్వలేమన్నారు. ఇవ్వలేమని రాసినందుకే నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది. ఆ సాయంత్రమే సంతకం చేసి పంపాను.

తొమ్మిది రోజులు గడిచాక తుర్కపల్లి నుంచి ఫోను. అదే గొంతు, అదే ఉత్సాహం. "మేడమ్, అప్రూవల్ వచ్చేసింది, ఎప్పుడు చేరతారు?" జీతం ఎంత అని కూడా నేను అడగలేదు. వేరేచోట చేరుతున్నానని చెప్పి, జరిగింది మొత్తం తేదీలతో, గంటలతో ఆ విభాగం మేనేజర్‌గారికి మెయిల్ రాశాను. ఆయన నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. క్షమించమన్నారు. ఆయన మంచివారు.

పాత కంపెనీలో రాజీనామా ఇచ్చినప్పుడు నెలకు నాలుగు వేలు పెంచుతాం ఉండిపొమ్మన్నారు, అది కూడా నోటిమాటే. నోటీసు 90 రోజులూ పనిచేశాను. ఒక్క నమూనా కూడా పెండింగులో పెట్టకుండా అప్పగించాను. చివరి వారం ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. పీఎఫ్ తీసుకోవద్దు, పాత యూఏఎన్ (పీఎఫ్ సభ్యత్వ సంఖ్య)తోనే కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోండి. మానేసిన తేదీ వాళ్ళు నమోదు చేయకపోతే, చివరి నెల చందా జమయిన రెండు నెలలకు మనమే పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు.

గ్రాట్యుటీ ఇంకా రావలసి ఉంది. చివరి మూల వేతనం 18,200. దాన్ని 15తో గుణించి 26తో భాగిస్తే 10,500, ఏడేళ్ళకు 73,500. అయిదేళ్ళు దాటినవాళ్ళకు అది హక్కు, 30 రోజుల్లో ఇవ్వాలి. పైకం ఎప్పుడు వస్తుందని అకౌంట్స్‌లో అడిగితే "వస్తుందిలేమ్మా, కంగారెందుకు" అన్నారు. వెంటనే దరఖాస్తు రెండు ప్రతులు తీసి, రెండోదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకున్నాను. శనివారం గోదావరికి మూడు టికెట్లు ఉన్నాయి. ఆ ముద్ర ఉన్న ప్రతి, రిలీవింగ్ లెటర్, పాప టీసీ ఒకే కవరులో పెట్టి చేతిసంచిలో సర్దాను.