మీగడకు షుగరు: నాలుగు నెలల ఇంటి చిట్టా

ఫిబ్రవరి 9

మా పిల్లి మీగడ మూత్రానికి వాడే ఇసుక తొట్టె చుట్టూ చీమలు బారులు తీరి ఉండటం చూసి నేను చీమల మందు కోసం వెతుకుతుంటే, పన్నెండేళ్లుగా షుగరుతో కాపురం చేస్తున్న మా అత్తయ్యగారు వచ్చి తొట్టె వంక ఒకసారి చూసి, "చీమలను చంపి ఏం లాభం అమ్మాయ్, నీ పిల్లికి నా జబ్బే వచ్చినట్టుంది" అన్నారు. ఆ మాట నవ్వులాటకు అన్నదే అయినా, నెల రోజులుగా చూస్తూ కూడా మేము పట్టించుకోని గుర్తులన్నీ నాకు వరసగా జ్ఞాపకం వచ్చాయి. గిన్నెలో నీళ్లు చాలక స్నానాల గదిలో బకెట్టు అంచు పట్టుకుని తాగడం, రోజుకు రెండుసార్లు మార్చినా ఇసుక తడిసి ముద్ద కావడం, పెట్టిందంతా తింటూనే వెన్నుపూసలు చేతికి తగిలేటంతగా చిక్కిపోవడం, నడిచేటప్పుడు వెనుక కాళ్ల మడమలు నేలకు ఆనడం, ఇవన్నీ ఆ జబ్బు గుర్తులేనని సాయంత్రం పశువైద్యుల దగ్గర తేలింది.

దాని వయస్సు పదేళ్లు. నిరుడు 6.2 కిలోలు తూగినది ఇవాళ 5 కిలోలకు దిగింది. నడివయస్సు దాటిన, ఒళ్లు చేసిన, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన మగపిల్లులలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుందని డాక్టరుగారు చెప్పారు. దురదకు నిరుడు రెండుసార్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించిన సంగతిని కూడా ఆయన అడిగి మరీ రాసుకున్నారు, ఎందుకంటే ఆ మందు చక్కెరను పెంచుతుంది.

రక్తంలో చక్కెర 438 వచ్చింది. అయితే పిల్లి బెదిరితే చాలు, జబ్బు లేకపోయినా ఆ అంకె 300 దాటవచ్చు. మీగడ విశాఖలో మా కంచరపాలెం నుంచి క్లినిక్ ఉన్న సీతమ్మధార వరకూ ఆటోలో అరుస్తూనే వచ్చింది. అందువల్ల ఆ ఒక్క అంకెతో సరిపెట్టకుండా మూత్రం పరీక్షించారు, గడిచిన రెండు మూడు వారాల స్థితిని తెలిపే ఫ్రక్టోసమైన్ పరీక్షకు రక్తం పంపారు. మూత్రంలో చక్కెర నిండుగా ఉంది గాని కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) లేవు. కీటోన్లు కనిపించి, పిల్లి తిండి మానేసి వాంతులు చేసుకుంటే అది ఇంట్లో చూసుకునే వ్యవహారం కాదనీ, ఆ పూటే ఆస్పత్రిలో చేర్చాలనీ చెప్పారు.

ఫిబ్రవరి 13

ఫ్రక్టోసమైన్ కూడా ఎక్కువగానే వచ్చింది. గ్లార్జిన్ ఇన్సులిన్ ఉదయం ఒక యూనిట్, సాయంత్రం ఒక యూనిట్, పన్నెండేసి గంటల ఎడంతో ఇవ్వాలి. మా వారికి పోర్టులో షిఫ్టులు మారుతుంటాయి కనుక, ఎవరు ఇంట్లో ఉన్నా లేకపోయినా నేను తప్పకుండా ఉండే 6.30 వేళను రెండు పూటలా ఖాయం చేసుకున్నాము.

ఇన్సులిన్ కొనడంలోనే మొదటి ఆదా ఉంది. 10 మిల్లీలీటర్ల సీసాలో 1000 యూనిట్లు ఉంటాయి. రోజుకు రెండు యూనిట్లు వాడే జీవానికి అది ఏడాదికి పైగా సరిపోతుందన్నది కాగితం మీద లెక్కే గాని, తెరిచిన 28 రోజులకు పారేయాలని పెట్టె మీద రాసి ఉంటుంది. అందువల్ల 300 యూనిట్లుండే 3 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జి తీసుకున్నాము. మనుషులకు వర్తించే ఆ గడువు విషయంలో, ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంచి, ద్రవం నీళ్లలా తేటగా ఉన్నంతకాలం కొనసాగించవచ్చని, కొంచెం మబ్బుగా మారినా, అంకెలు కారణం లేకుండా పెరిగినా వెంటనే మార్చాలని మా డాక్టరుగారు చెప్పారు. ఇది ఆయన మా పిల్లిని చూసి ఇచ్చిన సలహా గనుక ఎవరి డాక్టరును వారు అడిగి తెలుసుకోవడం మంచిది. గ్లార్జిన్‌ను కుదపకూడదు, మరే ఇన్సులిన్‌తోనూ కలపకూడదు, నీళ్లతో పలచన చేయకూడదు.

మాత్రలతో పోదా అని మా ఆడపడుచు అడిగింది. అమెరికాలో 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ అనే మాత్రను పిల్లులకు అనుమతించారు గాని, అంతకుముందు ఇన్సులిన్ తీసుకున్న పిల్లులకు దాన్ని ఇవ్వకూడదు. ఇక అత్తయ్యగారి మాత్రల డబ్బా వైపు పోయే ఆలోచనకు మా ఇంట్లో తావు లేదు.

ఫిబ్రవరి 14

ఇవాళ జరగబోయిన పొరపాటును వివరంగా రాసి పెట్టుకుంటున్నాను.

ఇన్సులిన్ సిరంజిలు కావాలని అడిగితే వీధి చివరి మందుల షాపులో ఎర్ర మూత సిరంజిలు ఇచ్చారు. అత్తయ్యగారు వాడేవీ అవే కనుక నాకు సందేహం రాలేదు. ఉదయం కార్ట్రిడ్జిలో సూది గుచ్చి 1 అని ఉన్న గీత వరకూ లాగాను. నిన్న డాక్టరుగారు చూపించిన మందు ఆవగింజంత చుక్క. నా సిరంజిలో ఉన్నది కంటికి తెలిసేటంత ఎక్కువగా కనిపించింది. సిరంజిని కిటికీ వెలుతురులో తిప్పి చూస్తే గొట్టం మీద 40 అని, కార్ట్రిడ్జి మీద 100 అని ఉన్నాయి. ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కు గీతలు గీసిన సిరంజి. దానిలో ఒక గీత అంటే 0.025 మిల్లీలీటరు. మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే గ్లార్జిన్‌ను అంత లాగితే ఒకటి కాదు, రెండున్నర యూనిట్లు. మొదటి రోజునే రెండున్నర రెట్లు మందు ఎక్కించి ఉండేదాన్ని.

ఆ పూట ఇంజెక్షన్ మానేసి, కింగ్ జార్జ్ ఆస్పత్రి దగ్గరి కేజీహెచ్ డౌన్‌లో నాలుగు మందుల షాపులు తిరిగి, నారింజ రంగు మూత ఉన్న 0.3 మిల్లీలీటరు సిరంజిలు, అర యూనిట్‌కు కూడా గీత ఉన్నవి, వెతికి తెచ్చాను. ఒక్కోటి పన్నెండు రూపాయలు పడింది. మందు మోతాదు అర యూనిట్ చొప్పున మారుతుంది కనుక ఆ గీత లేని సిరంజి చవకగా వచ్చినా మాకు పనికిరాదు. ఒకసారి వాడిన సూదిని రెండోసారి వాడటం లేదు. మొద్దుబారిన సూదితో పిల్లికి నొప్పి కలిగితే మర్నాటి నుంచి అది మంచం కిందనుంచి రాదు. వాడిన సూదులను మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) చెత్త బండిలో పడకుండా, నిండాక క్లినిక్‌లోనే ఇస్తున్నాను. ఫ్రిజ్‌లో అత్తయ్యగారి మందులు తలుపు అరలో ఉంటే, మీగడవి కింది అరలో నీలం మూత డబ్బాలో ఉన్నాయి.

ఫిబ్రవరి 24

ఇంట్లోనే చక్కెర చూడటానికి మీగడ చెవి నుంచి రక్తం తీయడం పది రోజులకు చేతనయింది. చెవి వెనుక టార్చి వేస్తే అంచు పొడవునా సన్నని నరం కనిపిస్తుంది. ఆ నరంలో కాకుండా, నరానికీ అంచుకూ మధ్య ఉన్న సందులో గుచ్చాలి. ముందుగా గోరువెచ్చని గుడ్డను చెవికి అర నిమిషం అద్ది, తుడిచి, వాజ్‌లైన్ పలచగా రాస్తే రక్తం బొచ్చులోకి పాకిపోకుండా పూసలా నిలుస్తుంది. చెవి వెనుక దూది చుట్ట పెట్టి గుచ్చకపోతే సూది అవతలికి దిగి నా వేలికే తగులుతుంది. మూడుసార్లు తగిలింది. పని కాగానే ఉడికిన కోడిమాంసం పీచు ఒకటి నోటికి అందించడం వల్ల, ఇప్పుడు గ్లూకోమీటరు పెట్టె చప్పుడు వినగానే తనే వచ్చి కూర్చుంటోంది.

మీటరు అత్తయ్యగారిదే, లాన్సెట్లు (గుచ్చే సూదులు) మాత్రం విడిగా ఉన్నాయి. మనుషుల మీటరు పిల్లి రక్తంలో అసలున్న దానికంటే తక్కువ చూపిస్తుంది. జంతువుల కోసం చేసిన మీటరు ఖరీదు మాకు అందదు కనుక, ఈ మీటరు అంకెలకు తగ్గట్టుగానే డాక్టరుగారు హద్దులు రాసిచ్చారు: ఇంజెక్షన్‌కు ముందు 200 కంటే తక్కువ ఉంటే మందు ఇవ్వకుండా ఫోన్ చేయాలి. ఇవాళ ఉదయం 372, సాయంత్రం 355.

ఇంజెక్షన్ మెడ మీద కాకుండా పక్కటెముకల వైపు చర్మాన్ని గుడారంలా ఎత్తి ఇస్తున్నాను, పూట పూటకూ వైపు మారుస్తున్నాను. మొన్న మందు చర్మంలోకి పోక బొచ్చు తడిసింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మందుల షాపు వాసన వచ్చింది. ఎంత లోపలికి పోయిందో తెలియనప్పుడు మళ్లీ ఇవ్వకూడదన్నది నియమం. ఆ పూట అలాగే వదిలేశాను.

మార్చి 3

తిండి లెక్క వేసుకున్నాను. ఇన్నాళ్లూ పెట్టిన పొడి గింజల సంచి మీద మాంసకృత్తులు 30, కొవ్వు 10, పీచు 4, తేమ 10 శాతం అని ఉంది. బూడిద, అంటే ఖనిజాల కింద ఇంకో 8 వేసుకుని వందలోంచి తీసేస్తే 38 శాతం పిండిపదార్థమే మిగిలింది. మెత్తని ఆహారం పౌచ్‌లో అదే లెక్క 2 శాతానికి వచ్చింది; నీళ్లు తీసేసి చూసినా 13 లోపే. పౌచ్‌లలో కూడా చిక్కని గ్రేవీ ఉన్నవాటిలో పిండి కలుస్తుంది కనుక ముద్దలా ఉన్నవే ఎంచుకుంటున్నాను.

రోజంతా పౌచ్‌లే పెడితే మూడు నాలుగు కావాలి, అంటే రోజుకు 150 రూపాయలు దాటుతుంది. డాక్టరుగారి అనుమతితో రోజుకు ఒక పౌచ్, మిగిలినది ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, వారానికి రెండుసార్లు ఉడికించిన కవళ్ళు (చేపలు), దానితో పాటు పిల్లులకు తప్పనిసరైన పోషకం టారిన్ పొడి, ఆయన రాసిన కాల్షియం. ఉడికించిన నీళ్లలోకి టారిన్ దిగిపోతుంది కనుక ఆ నీళ్లు పారబోయకుండా ముక్కల మీదే పోస్తున్నాను. చవక అని కార్జాలు రోజూ పెట్టరాదు, వాటిలో విటమిన్ ఏ మితిమీరి ఉంటుంది. తిండి మారితే ఇన్సులిన్ అవసరం చప్పున పడిపోవచ్చు కాబట్టి పది రోజుల్లో కొంచెం కొంచెంగా మారుస్తూ, రోజుకు నాలుగుసార్లు చక్కెర చూస్తున్నాను.

మార్చి 11

నిన్నటి వరకూ 300 దగ్గరకు దిగిన అంకె ఇవాళ సాయంత్రం 391. ఇన్సులిన్ పాడైందేమోనని కార్ట్రిడ్జి పైకెత్తి చూశాను, తేటగానే ఉంది. రాత్రి గిన్నెలు తోముతుంటే మీగడ పళ్లెం అంచున ఎండిన మెతుకు కనిపించింది. మధ్యాహ్నం పెరుగన్నం పెట్టానని అత్తయ్యగారు ఒప్పుకున్నారు. "నేను తినగా లేనిది, ఆ నోరులేని దానికేం పథ్యమే" అన్నారు. ఆవిడ వాదనకు నాకు దొరికిన ఒకే జవాబు ఆవిడ అంకె కూడా అప్పుడే చూడటం. అది 286. ఇద్దరి అంకెలూ ఇకనుంచి క్యాలెండరు మీద పక్కపక్కనే రాస్తున్నాను.

మార్చి 17

మొదటి పూర్తి పట్టిక. ఉదయం ఇంజెక్షన్‌కు ముందు 318, ఆ తరువాత మూడేసి గంటలకు 251, 204, 226, సాయంత్రం 301. అన్నిటికంటే దిగువ అంకె ఎంత, అది ఎప్పుడు వచ్చింది అన్నవి చూసిన తరువాతనే మోతాదు మారుస్తారు గాని, ఒక్క పెద్ద అంకెకు కంగారుపడి మార్చరు. ఒకటిన్నర యూనిట్‌కు పెంచారు. ఈ అంకెలు ఫోన్‌లో పంపడంతో క్లినిక్‌లో రోజంతా ఉంచి చూసే ఖర్చు, ఆటో ఖర్చు తప్పాయి.

ఏప్రిల్ 6

సాయంత్రం 214 ఉంటే ఒకటిన్నర యూనిట్ ఇచ్చాను. సగం తిండి వదిలేసి పడుకుంది, ఎండకు అలసిందనుకున్నాను. రాత్రి 12 గంటలకు లేచి చూస్తే 54. నడక తడబడటం లేదు, పిలిస్తే తల ఎత్తింది, అందువల్ల ముందు పౌచ్ తెరిచి పెట్టాను, వాసన చూసి తినసాగింది. తినకపోతే, లేదా మత్తుగా ఉంటే తేనెను చిగుళ్లకు రాయాలని, మూర్ఛ వచ్చిన పిల్లి గొంతులో ఏదీ పోయరాదని, వెంటనే ఆస్పత్రికి బయలుదేరాలని గోడ మీద రాసి ఉంచుకున్నాను. ఇరవై నిమిషాలకొకసారి చూస్తే 61, 88, 117. ఆ నాలుగు స్ట్రిప్పులకు అయిన డెబ్బై రూపాయలకంటే విలువైన ఖర్చు ఈ రెండు నెలల్లో ఇంకోటి లేదు. ఉదయం డాక్టరుగారు మోతాదును ఒక యూనిట్‌కు దించారు. తిన్నదా లేదా చూశాకే ఇంజెక్షన్ ఇవ్వడం అప్పటినుంచి మొదలుపెట్టాను.

ఏప్రిల్ 22

15వ తేదీ నుంచి జూన్ 14 వరకూ 61 రోజుల చేపల వేట నిషేధం కనుక హార్బరులో మరబోట్లు కట్టేసి ఉన్నాయి. కవళ్ళ ధర మాకు అందడం లేదు. చేప మానేసి కోడిమాంసం పెంచాను, అంకెల్లో తేడా రాలేదు.

మే 18

లెక్క చూసుకున్నాను. మొదటి నెలలో డాక్టరు, పరీక్షలు 2,400, ఇన్సులిన్ 640, రెండు స్ట్రిప్పుల పెట్టెలు 1,700, అరవై సిరంజిలు 720, పౌచ్‌లు 1,350, కోడిమాంసం, చేప 560, మొత్తం 7,370 రూపాయలు. ఈ నెల స్ట్రిప్పులు 850, సిరంజిలు 360, తిండి 1,910, కలిపి 3,120. పొడి గింజలకు ఇదివరకే నెలకు 900 అయ్యేది కనుక అదనపు భారం 2,220. తగ్గించవలసిన చోట ఇంకా వెతుకుతున్నాను గాని స్ట్రిప్పుల్లో మాత్రం వెతకడం లేదు.

వారం నుంచి ఉదయపు అంకె 150 దాటడం లేదు. 200 కంటే తక్కువే కనుక ఫోన్ చేసి అడిగితే, డాక్టరుగారు మోతాదును అర యూనిట్‌కు దించి రెండు పూటలా కొనసాగించమన్నారు.

జూన్ 15

ఈ నెల 5 నుంచి ఉదయం పూట అర యూనిట్ మాత్రమే. ఇవాళ ఉదయం 104, నిన్న 118. బరువు 5.4 కిలోలు. మడమలు నేలకు ఆనడం పూర్తిగా పోలేదు గాని, మంచం మీదికి ఒక్క దూకులో ఎక్కుతోంది. ఇదే వరస ఇంకో రెండు వారాలు నిలిస్తే ఇన్సులిన్ ఆపి చూద్దామన్నారు డాక్టరుగారు. ఆపాక కూడా జబ్బు తిరగబెట్టవచ్చు గనుక వారానికి రెండుసార్లు చెవి గుచ్చడం తప్పదు. బోట్లు నిన్న అర్ధరాత్రి వేటకు వెళ్లాయి. రెండు మూడు రోజుల్లో కవళ్ళు దిగుతాయని మా వారు సంచి తీసి పెట్టుకున్నారు. తొట్టె దగ్గర చీమలు లేవు.