న్యూయార్క్ రోడ్ల మీద మూడు రోజులు, ఎనభై కిలోమీటర్లు, స్కేట్ల మీదే

ఆగస్టు శుక్రవారం సాయంత్రం జెర్సీ సిటీ జర్నల్ స్క్వేర్‌లో న్యూయార్క్ వెళ్లే పాత్ రైలెక్కాం. వీపున చిన్న సంచి, సంచికి వేలాడుతూ ఇన్‌లైన్ స్కేట్లు (చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండేవి), కాళ్లకు పల్చటి గుడ్డ బూట్లు. ఆ బూట్లు కావాలనే ఎంచుకున్నాం. రైల్లోకి, స్టేషన్ మెట్ల మీదకి స్కేట్లు తొడుక్కుని వెళ్లకూడదు. స్కేట్లు తొడిగాక బూట్లు సంచిలోకి పోతాయి, ఇక మూడు రోజులూ మోయాల్సింది మనమే. బరువైన స్పోర్ట్స్ షూ తెచ్చిన వాళ్లకు రెండో రోజుకే నడుము పట్టేస్తుంది.

మేం వెళ్లింది బిగ్ యాపిల్ రోల్‌కి. ఏటా ఆగస్టులో ఒక వీకెండ్ స్కేటర్లంతా కలిసి న్యూయార్క్ వీధుల్లో తిరిగే కార్యక్రమం ఇది. రుసుం లేదు, నడిపేది వాలంటీర్లు. పోటీ కాదు కాబట్టి టైమింగులూ పతకాలూ ఉండవు. రోడ్లు మూసెయ్యరు, కార్లూ ట్యాక్సీలూ సైకిళ్లూ తిరుగుతుండగానే వాటి మధ్యలోంచి గుంపుగా సాగాలి. అందుకే వెళ్దామనుకునే వాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఎంత వేగంగా వెళ్లగలమని కాదు, ఎంతలో ఆగగలమని. మేం పెట్టుకున్న కొలత ఇది: మామూలు వేగంలో వెళ్తూ రెండు కార్ల పొడవు లోపల ఆగాలి, అదీ పదిసార్లకు పదిసార్లు. అది రానివాళ్లు ఆ ఏడాది రోడ్డు మానుకుని పార్కుల్లో తిరగడం మేలు.

హైదరాబాద్ ఇందిరా పార్కులాంటి రింకుల్లో నేర్చుకున్న వాళ్లకు మరో చిక్కుంది. రింకులో ఎప్పుడూ ఎడమవైపే తిరుగుతాం. కుడి కాలు ఎత్తి ఎడమ కాలి మీదుగా వేయడం నిద్రలో కూడా వస్తుంది, కుడివైపు మలుపు వచ్చేసరికి కాళ్లు తడబడతాయి. వీధిలో రెండు మలుపులూ సమానంగా వస్తాయి. ప్రయాణానికి నెల ముందు నుంచే రోజూ పావుగంట కుడివైపు క్రాస్‌ఓవర్లు సాధన చెయ్యాలి. వెనక కాలు అడ్డంగా ఈడ్చి ఆగే టీ-స్టాప్ కూడా రింకు అలవాటే. దిగుడులో అది చాలదు, పైగా చక్రాలు ఒకవైపే అరిగి చదునైపోతాయి. మడమ బ్రేకు ఉన్న స్కేట్లే తెచ్చుకోండి. 110 మిల్లీమీటర్ల మూడు చక్రాల స్కేట్లు చాలావాటికి బ్రేకు ఉండదు. చూడ్డానికి ఎంత బాగున్నా ఈ ఊరి వంతెనలు తెలియని వాళ్లకు అవి వద్దనే మా సలహా. 80 నుంచి 90 మిల్లీమీటర్ల చక్రాలు, 85ఏ గట్టిదనం (చక్రం ఎంత గట్టిదో చెప్పే అంకె), అరగని బ్రేకు ప్యాడు ఉంటే సరిపోతుంది.

మొదటి రాత్రి అవెన్యూల మీద పాతిక కిలోమీటర్లు. మన్‌హాటన్‌లో ఉత్తర దక్షిణాలుగా ఇరవై వీధులు దాటితే ఒక మైలు, అంటే 1.6 కిలోమీటర్లు. వీధి నంబర్లు చూస్తుంటే ఎంత వచ్చామో లెక్క తప్పదు. ముందు ఒక లీడర్, చివర ఎవరూ మిగిలిపోకుండా చూసే మనిషి, క్రాసింగుల దగ్గర అడ్డంగా నిలబడే కొందరు. లీడర్‌ని దాటకూడదు. ముందువాళ్లు చెయ్యెత్తితే ఆగుతున్నట్టు, వేలితో నేల చూపిస్తే అక్కడ గుంత ఉన్నట్టు. ఆ సైగ మనమూ చేసి వెనక్కి అందించాలి.

చివర్లో ఉన్నవాళ్లే ముందు అలసిపోతారు. గుంపు రబ్బరు బ్యాండులా సాగుతుంది. సిగ్నల్ దగ్గర సగం మంది దాటగానే ఎర్ర లైటు పడుతుంది, మిగిలిన సగం ఆగి, మళ్లీ పచ్చ పడ్డాక పరుగుపెట్టి కలవాలి. కలిసేసరికి ముందువాళ్లు విశ్రాంతి తీసుకుని బయల్దేరుతుంటారు. అంటే వెనకున్న వాళ్లు వేగంగా వెళ్లాలి, పైగా వాళ్లకు విశ్రాంతి తక్కువ. కొత్తవాళ్లు భయంతో చివరికి చేరతారు గానీ, మొదటి మూడోవంతులో ఉండటమే తేలిక. ముందువాళ్లతో రెండు అంగల దూరం, ఆగి ఉన్న కార్లతో కనీసం మీటరు దూరం పాటించాలి. ట్యాక్సీ తలుపు ఏ క్షణాన తెరుచుకుంటుందో చెప్పలేం.

రాత్రిపూట కళ్లు నేల మీదే. రోడ్డు పనుల దగ్గర పరిచిన ఇనుప పలకలు పొడిగా ఉన్నా జారతాయి. వాటి అంచు రోడ్డు కంటే ఒక అంగుళం ఎత్తులో ఉంటుంది, అందుకే ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి మోకాళ్లు వంచి, తొక్కకుండా దొర్లిపోవాలి. అన్నిటికంటే చెడ్డది గీకేసిన రోడ్డు: పాత తారు పొర తీసేసి కొత్తది ఇంకా పొయ్యలేదు, పొడుగునా నాగలి చాళ్లలా గీతలు. చక్రం చాలులో పడితే అది చెప్పినట్టే పోతుంది, తిప్పబోతే మనం పడతాం. వేగం బాగా తగ్గించి, అరికాలు జిల్లుమంటున్నా ఓర్చుకుని నిదానంగా దాటాలి. వాన పడితే తెల్లగీతలు సబ్బు రాసినట్టే ఉంటాయి. ఆగస్టులో సాయంత్రం ఉరుముల వాన అక్కడ మామూలే. తడిస్తే ఆగిపోవడమే తెలివైన పని.

శనివారం వంతెనల రోజు. 1883 నాటి బ్రూక్లిన్ బ్రిడ్జి ఫొటోల్లో బాగుంటుంది, స్కేట్లకు మాత్రం పనికిరాదు. నడక దారి చెక్క పలకలు, దాని నిండా సందర్శకులు. మేం 1909లో తెరిచిన మన్‌హాటన్ బ్రిడ్జి ఎక్కాం. ఉత్తరం వైపు సైకిల్ దారి, రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు, ఎక్కడానికి ఎంతో దిగడానికి దాదాపు అంత. పక్కనే సబ్‌వే రైలు పోతుంటే ఆ కుదుపు చక్రాల్లోంచి పిక్కల దాకా వస్తుంది, ఒకరి కేక ఇంకొకరికి వినపడదు. అందుకే కేకలు మానేసి సైగల మీదే నడిచాం.

దిగుడులో జరిగే పొరపాటు ఎప్పుడూ ఒక్కటే, వేగం పెరిగాక బ్రేకు వేయడం. అప్పటికి ప్యాడు కాలిపోయి రబ్బరు వాసన వస్తుంది, కాలు వణుకుతుంది, కింద కెనాల్ స్ట్రీట్ ట్రాఫిక్ ఎదురొస్తుంది. వంతెన నడినెత్తి మీదే బ్రేకు కాలు ముందుకు చాపి, కాలి వేళ్లు ఎత్తి, మడమ తేలిగ్గా ఆనించి, అదే ఒత్తిడితో చివరిదాకా దిగాలి. మోకాలు వంగే ఉండాలి, బిగిస్తే అదురు తట్టుకోలేం. అతుకుల దగ్గర ఇనుప పట్టీలు వస్తాయి, వాటిని అడ్డంగా, సరిగ్గా తొంభై డిగ్రీల్లో దాటాలి. ఏటవాలుగా వెళ్తే చక్రం సందులో ఇరుక్కుంటుంది. ఎదురుగా కరెంటు సైకిళ్ల డెలివరీ వాళ్లు బాణాల్లా వస్తారు, కాబట్టి కుడి అంచున ఒకరి వెనక ఒకరే. అదే రోజు విలియమ్స్‌బర్గ్ బ్రిడ్జి కూడా దాటాం. వాలు ఇంకా ఎక్కువసేపు సాగుతుంది. రెండు దిగుళ్లకే మాలో ఒకరి బ్రేకు ప్యాడు గుర్తు గీత దాకా అరిగింది. మార్చడానికి స్పేర్ ప్యాడు, బోల్టు తిప్పే 4 మిల్లీమీటర్ల అలెన్ కీ ఉండబట్టి పది నిమిషాల్లో పని అయిపోయింది.

తిండి విషయంలో మాకు కలిసొచ్చింది పులిహోర. చింతపండు, నూనె, ఉప్పు ఉండటంతో ఎండలో మధ్యాహ్నం దాకా చెడదు, చెమటతో పోయిన ఉప్పూ తిరిగొస్తుంది. గంటకు అర లీటరు నీళ్లు, రెండు సీసాలకు ఒకదాంట్లో ఓఆర్‌ఎస్. వేపుళ్లూ మాంసం కూరలూ సాయంత్రానికే ఉంచుకున్నాం.

అసలు పరీక్ష శనివారం రాత్రి మొదలవుతుంది. అంత చెమటలో నూలు సాక్సు తడిసి చర్మాన్ని నలుపుతుంది. చీలమండ లోపలి ఎముక మీద, బొటనవేలి పక్కన బొబ్బలు లేస్తాయి. పల్చటి సింథటిక్ సాక్సు, బొబ్బ లేవకముందే అక్కడ టేపు, మధ్యాహ్నం సాక్సు మార్పు, ఈ మూడింటితో చాలావరకు తప్పించుకోవచ్చు. వేళ్లు తిమ్మిరెక్కితే ముందు భాగం లేసులు అతిగా బిగించినట్టు. అక్కడ వదులు చేసి మడమ దగ్గర పట్టీ బిగించాలి.

తర్వాత చక్రాల పని. లోపలి అంచు ముందు అరుగుతుంది కాబట్టి ఒకటో చక్రం మూడుకి, రెండు నాలుగుకి, ప్రతిదాన్నీ అటుదిటు తిప్పి బిగించాం. మూడు చక్రాల వాళ్లు ఒక్కో స్థానం జరిపి తిప్పితే చాలు. బిగించాక ప్రతి చక్రం వేలితో తిప్పి చూడాలి. వదులైతే దారిలో బోల్టు ఊడుతుంది, బిర్రుగా ఉంటే చక్రం తిరగదు. బేరింగు పక్కన చుట్టుకున్న వెంట్రుకలు, నల్లటి పొడి గుడ్డతో తుడిచాం. తడిసిన బేరింగుని ఆ రాత్రే ఊడదీసి ఆరబెట్టి చుక్క నూనె వేయాలి, లేకపోతే తెల్లారేసరికి తుప్పు పట్టి గరగరమంటుంది.

ఆదివారం తేలికే. సెంట్రల్ పార్కు చుట్టు 9.8 కిలోమీటర్లు, 2018 నుంచి ఆ దారిలోకి కార్లు రావు. అందరూ అపసవ్య దిశలో తిరుగుతారు, రింకు అలవాటుకు సరిపోతుంది. ఈశాన్య మూలలో మాత్రం దిగుడూ మలుపూ ఒకేసారి వస్తాయి, అది దాటగానే హార్లెమ్ హిల్ ఎక్కుడు. ఆ దిగుడు పైనే వేగం తగ్గించుకోవాలి. అలసిన కాళ్లతో మలుపులో బ్రేకు వేయబోతేనే పడతారు. ఎక్కుడులో అడుగులు చిన్నవి చేసి, నడుం వంచకుండా మోకాళ్లు వంచితే మూడో రోజు కాళ్లతో కూడా ఎక్కొచ్చు.

మణికట్టుకు తొడిగే రిస్ట్ గార్డులు రైలెక్కే ముందే తీశాం, హెల్మెట్ సంచికి తగిలించాం. ఇంటికి రాగానే చేయాల్సిన పని ఒకటి మిగిలింది: స్కేట్ల లోపలి మెత్త బూటును బయటకు లాగి, ఫ్యాను కింద నీడలో ఆరబెట్టడం. ఎండలో పెడితే స్పాంజి కుంచించుకుపోయి తర్వాతి సారి కాలికి పట్టదు.