పిల్లల చూపు ఎక్కడ ఆగుతుంది?

అక్క కూతురు డైరీలో "క్లాసులో ధ్యాస ఉండదు" అని టీచర్ రాశారట. అప్పట్నుంచీ అక్కకి ఒకటే టెన్షన్.

ధ్యాస లేని పిల్లా అది? సాలార్‌జంగ్ మ్యూజియంలో అందరూ మూగే మేలిముసుగు రెబెకా శిల్పం దగ్గర క్షణం ఆగలేదు, నిజమే. కానీ మ్యూజికల్ క్లాక్ ముందు నుంచి కదిలితే ఒట్టు! గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్లగానే, "పిన్నీ, మళ్లీ వచ్చినప్పుడు ఇంకోటి ఎక్కువ కొడతాడు కదా?" అంది. ఎవరూ చెప్పకుండానే లెక్క పట్టేసింది.

2012లో సెలెస్ట్ కిడ్ అనే మనస్తత్వ పరిశోధకురాలి బృందం ఏడెనిమిది నెలల పాపాయిల మీద చేసిన పరిశోధన నాకు చాలా ఇష్టం. తర్వాత ఏం వస్తుందో ఇట్టే తెలిసిపోయే దృశ్యాల నుంచి వాళ్లు చూపు తిప్పేసుకున్నారు. మరీ గజిబిజిగా ఉన్నవాటినీ వదిలేశారు. కొంత తెలిసి, కొంత తెలియని వాటినే ఎక్కువసేపు చూశారు. నెలల పిల్లలే ఇలా ఏరుకుంటుంటే ఆరేళ్ల పిల్ల ఏరుకోదా?

అందుకే అక్కకి ఒకటే చెప్పాను: ధ్యాస ఎక్కడ తప్పుతోందో టీచర్‌ని అడుగు. వచ్చేసిన పాఠం దగ్గరా, ఇంకా అందని పాఠం దగ్గరా? సోమవారం వెళ్తోంది.