తగ్గుతుందా అని అడిగితే

పదకొండు దాటింది. అత్తయ్య పడుకున్నారు. పొద్దుటి మాట ఒకటి ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది, రాసేస్తే గాని నిద్ర పట్టేలా లేదు.

పొద్దున బోదకాలు మాత్రలవాళ్లు వచ్చారు. ఆశా కార్యకర్త మీకు తెలిసినావిడే, వెంట ఈసారి కొత్త కుర్రాడు. పరగడుపున వేస్తే కడుపులో తిప్పుతుంది కాబట్టి అందరం టిఫిన్లు కానిచ్చే ఉన్నాం. 15 ఏళ్లు దాటినవాళ్లకి బోద పురుగు మందు డీఈసీ 100 మిల్లీగ్రాములవి 3, నులిపురుగుల మందు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములది 1. బుజ్జిగాడి వయసుకి డీఈసీ 2 చాలు. ఆల్బెండజోల్ నమిలి మింగాలి. తర్వాత వేసుకుంటాం, అక్కడ పెట్టి వెళ్లండి అంటే ఒప్పుకోరు, వాళ్లెదురుగానే వేసుకోవాలి. మంచి పద్ధతే. లేకపోతే సగం మాత్రలు దేవుడి గూట్లోనే ఉండిపోతాయి.

బోదకాలున్న మా అత్తయ్య మాత్రలు చేతిలో పట్టుకుని అడిగారు, "బాబూ, ఇవి వేసుకుంటే నా కాలు తగ్గుతుందా?" అని. ఆ అబ్బాయి రిజిస్టర్లోంచి తలెత్తకుండానే "తగ్గుతుంది మామ్మగారూ, ఏటా వేసుకోండి" అన్నాడు.

ఏటా వేసుకుంటూనే ఉన్నారు కదా ఆవిడ!

ఆ మాత్రలు చేసే పని వేరు. బోద పురుగులు లింఫ్ నాళాల్లో, అంటే ఒంట్లో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాల్లో, కాపురం ఉంటాయి, ఏళ్ల తరబడి బతుకుతాయి. వాటి పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి. అందుకే వెనకటి రోజుల్లో రక్తపరీక్షకి రాత్రి బాగా పొద్దుపోయాక ఇళ్లకొచ్చి వేలికి సూది గుచ్చేవాళ్లు. ఆ వేళలో కుట్టిన క్యూలెక్స్ దోమ వాటిని ఇంకొకరికి చేరవేస్తుంది. మాత్రలు ముఖ్యంగా చంపేది రక్తంలో తిరిగే ఆ పిల్లల్నే. అంటే మనింటి నుంచి పక్కింటికి పోకుండా ఆపుతాయి. బుజ్జిగాడి కాలు బాగుండాలంటే వీధి వీధంతా మింగాల్సిందే, అత్తయ్యతో సహా. అంతేగానీ ఏనాడో పాడైన నాళాన్ని ఏ మాత్రా తిరిగి బాగుచెయ్యదు. కాలవలో పూడిక పడితే నీళ్లు చేలోకి ఎగదన్నినట్టు, లింఫ్ కదలక కాల్లోనే నిలిచిపోతుంది. కాలు బాగా వాచిన వాళ్లలో చాలామందికి రాత్రి రక్తంలో పురుగు కనపడదు కూడా. పురుగు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, వాపు మాత్రం మిగిలిపోతుంది.

మరి తగ్గుతుందని ఎందుకు చెప్పడం? తగ్గకపోతే వచ్చే ఏడు "వేసుకున్నాం, ఏం ఒరిగింది" అని ఇల్లిల్లూ తలుపులేస్తారు. అప్పుడు నష్టపోయేది వాపు లేని పిల్లలు. నాకు మండింది అందుకే.

దీనికంటే ఆ క్లినిక్ డాక్టరుగారే నయం అనిపించింది పొద్దున. కిందటేడు జ్వరంలో ఆటోలో తీసుకెళ్తే బల్ల అవతల నుంచే చూసి, "ఇది ఇక తగ్గేది కాదమ్మా, అలవాటు చేసుకోవాలి" అని 5 రోజులకి యాంటీబయాటిక్ రాసిచ్చారు. చేదుగా ఉన్నా నిజం చెప్పారు కదా అనుకున్నాను. నిజం తెలిసినవాళ్లు నాటువైద్యుల చుట్టూ తిరగరు, వాతలు పెట్టించుకోరు, పసర్ల కోసం డబ్బు తగలెయ్యరు.

కానీ రాస్తుంటే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది. ఆయన చెప్పింది నిజం కూడా కాదు. జ్వరంతో వచ్చిన మనిషి చెప్పు విప్పమని కూడా అనలేదు ఆయన!

ఆ జ్వరం ఎక్కడి నుంచి వస్తుందో మాకు చూపించింది ఒక నర్సమ్మగారు. ఇదివరకు ఆవిడ గురించి ఒక ముక్క రాసినట్టు గుర్తు, ఇవాళ పూర్తిగా రాస్తాను. ఊళ్లో బడి వరండాలో శిబిరం పెట్టారు. బోదకాళ్లవాళ్లు బెంచీల మీద వరసగా కూర్చుని ఉన్నారు, చీర కుచ్చిళ్లు కాళ్ల మీదకి లాక్కుని, ఎవరూ ఎవరివంకా చూడకుండా. ఆవిడ వచ్చి నేలమీద పీట వేసుకుని కూర్చుని అత్తయ్య పాదం తన ఒళ్లోకి తీసుకున్నారు. అత్తయ్య కంగారుపడి కాలు లాక్కోబోయారు. ఆవిడ వదల్లేదు. వాపు ఎంతుందో చూడనే లేదు. చిన్న టార్చిలైటు పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి సందుల్లోకి చూశారు. చిటికెన వేలికీ పక్కవేలికీ మధ్య చర్మం తెల్లగా నాని ఉబ్బి ఉంది, అడుగున సన్నగా ఎర్రటి చీలిక. మమ్మల్నందర్నీ దగ్గరికి పిలిచి అది చూపించి, "జ్వరం ఇక్కణ్ణించి ఎక్కుతోందమ్మా" అన్నారు.

బోదజ్వరం పురుగు వల్ల వస్తుందనే అందరం అనుకుంటాం. గజ్జల్లో బిళ్ల కట్టడం, దుప్పట్లు కప్పినా ఆగని చలి, కాసేపటికే కాలు ఎర్రబారి సెగలు కక్కడం, నాలుగైదు రోజులకి చర్మం పొరలు పొరలుగా ఊడడం, ఇవన్నీ చాలావరకు మామూలు బ్యాక్టీరియా చేసే పని. వేలి సందుల్లో తడి ఆరక ఒరుపు వస్తుంది, ఒరిసినచోట చీలుతుంది, ఆ చీలికలోంచి అది లోపలికి పోతుంది. లింఫ్ సరిగ్గా నడిచే కాల్లో అయితే అంతటితో ఆగిపోయేది. ఇక్కడ నిలవ ఉంది కాబట్టి పెచ్చరిల్లుతుంది. అసలు నష్టం ఏమిటంటే వచ్చిన ప్రతి జ్వరమూ ఇంకొన్ని నాళాల్ని పాడుచేసి పోతుంది. కాలు ఏటికేడాది లావెక్కేది అందువల్లే. జ్వరాలు ఆపితే లావెక్కడం ఆగుతుంది. ఇందులో ఖరీదైన మందేదీ లేదు.

ఆవిడ కడిగి చూపించిన పద్ధతే ఇప్పటికీ మా ఇంట్లో. చల్లటి మామూలు నీళ్లు, వేడివి కాదు. వాసన తక్కువున్న మామూలు సబ్బు. ముందు పగుళ్లు, పుళ్లు ఉన్నాయేమో వెలుతుర్లో చూడాలి. పైన వాపు ఎక్కడిదాకా ఉందో అక్కణ్ణించి కిందికి రుద్దుకుంటూ రావాలి. బ్రష్షు, పీచు పనికిరావు, చేత్తోగాని మెత్తటి గుడ్డతోగాని. మడతల్లో, వేలి సందుల్లో గుడ్డ అంచు పెట్టి నెమ్మదిగా తుడవాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా పోస్తూనే ఉండాలి, సబ్బు మిగిలితే దురద. రెండో కాలు బాగానే ఉన్నా అదీ కడగాలి.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. తర్వాతదే ముఖ్యం: ఆరబెట్టడం. తువ్వాలుతో అద్దాలి, రుద్దకూడదు. సందులకి వేరే పాత నూలు గుడ్డ ముక్కలు పెట్టుకుంటే మేలు. మరీ ఇరుకు సందు ఉంటే గాజుగుడ్డ పోగు దూర్చి తీయాలి. తెల్లగా నానినచోట బూజుకి (ఫంగస్) రాసే ఆయింట్‌మెంటు పల్చగా రాయాలి. క్లోట్రిమజోల్ గాని విట్‌ఫీల్డ్ గాని, పీహెచ్‌సీలో అడిగితే ఇస్తారు. పసుపు ముద్ద మెత్తకూడదు, దాని కింద చీలిక ఉందో లేదో కనపడదు. గోళ్లు అడ్డంగా కత్తిరించాలి, మూలల్లోకి పోకూడదు.

ఇక కాలు ఎత్తు. కూర్చున్నప్పుడు పాదం స్టూలు మీద, మోకాలి కింద చిన్న దిండు. రాత్రికి మంచం కాళ్లవైపు కోళ్ల కింద ఇటుకలు. దిండ్లయితే నిద్రలో జారిపోతాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఇది చెయ్యకూడదు. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, కూర్చుని పాదం గుండ్రంగా తిప్పడం, పిక్క బిగిస్తే లింఫ్ పైకి నడుస్తుంది. జ్వరంలో మాత్రం ఈ వ్యాయామాలు బంద్. అప్పుడు పడక, చల్లటి తడిగుడ్డ, పారాసిటమాల్, బాగా నీళ్లు, డాక్టరు రాసిన యాంటీబయాటిక్ పూర్తి కోర్సు. మర్దనా చెయ్యకూడదు, కాపడం పెట్టకూడదు, కట్టు కట్టకూడదు. అవతల ఇంటి పెద్దావిడ ఎప్పుడూ వేపాకు వేణ్ణీళ్లే చెబుతుంది. ఆవిడ మంచితనం సరే, ఎర్రగా సెగలు కక్కుతున్న కాలికి వేణ్ణీళ్లు ఎలా పోస్తాం?

ఇప్పుడు మళ్లీ ఆ రెండు జవాబుల దగ్గరికి వస్తే, తగ్గుతుందా అన్నదానికి ఒకటే సమాధానం లేదు. బోదవాపుకి 7 దశలు చెబుతారు. మొదటి దశలో రాత్రి పడుకుంటే తెల్లారేసరికి వాపు పోతుంది. ఆ దశలో పట్టుకుంటే ఆ కుర్రాడి మాట నిజమే, కాకపోతే మాత్రలతో కాదు, కడగడంతో. రెండో దశలో రాత్రికి రాత్రి పోదు. మూడులో పైపై మడతలు, నాలుగులో బుడిపెలు, ఐదులో లోతు మడతలు, ఆరులో చర్మం పాచిపట్టినట్టు, ఏడులో మనిషి తన పని తాను చేసుకోలేని స్థితి. అత్తయ్యది మూడు. మూడులో కూడా చర్మం మెత్తబడుతుంది, వాసన పోతుంది, కొంత చుట్టుకొలత కూడా దిగుతుంది. కేరళలో కాసరగోడ్ దగ్గర ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ వాళ్లు కడగడం, ఆయుర్వేదం, యోగా, ఒత్తిడి కట్టు అన్నీ కలిపి చేయిస్తారు, ముదిరిన కాళ్లు కూడా దిగుతాయి. ఒత్తిడి కట్టు మనంతట మనం కట్టుకునేది కాదు, ఎవరైనా నేర్పాలి. పైన బిగువై కింద వదులైతే పాదం ఇంకా ఉబ్బుతుంది. అందుకే "ఇక తగ్గేది కాదు" అన్నది కూడా పూర్తి మాట కాదు. తగ్గదని చెప్పినాయనా తగ్గుతుందని చెప్పినబ్బాయీ ఇద్దరూ వేలి సందులు చూడలేదు.

ఆ కుర్రాడి మీద కోపం చల్లారింది నిజానికి. ఎన్ని ఇళ్లు తిరగాలి అతను! ఇంటికి రెండు నిమిషాలు, రిజిస్టరు నింపాలి, ఇంతమంది మింగారని లెక్క చూపాలి. కాళ్ల గురించి అతనికి ఎవరూ చెప్పి ఉండరు. 1955 నుంచి ఫైలేరియా (బోదకాలు) నియంత్రణ కార్యక్రమం ఉంది, ఏటా ఊరందరికీ మాత్రలు 2004 నుంచి, 2027 కల్లా నిర్మూలన అంటున్నారు. నిర్మూలన అంటే కొత్తగా ఎవరికీ అంటకపోవడం. రావాలి ఆ రోజు, మనసారా కోరుకుంటాను. ఆ తర్వాత కూడా ఈ కాళ్లు ఇలాగే ఉంటాయి కదా, వాటికి సబ్బూ ఆయింట్‌మెంటూ ఎవరిస్తారు? ఎంఎండీపీ కిట్టని, అంటే వాచిన కాలు ఇంట్లోనే చూసుకునే సామాను, టబ్బు, మగ్గు, తువ్వాలు, సబ్బు, ఆయింట్‌మెంటు ఇస్తారు. టబ్బు ఇచ్చి కడగడం చూపించకుండా పంపేస్తే ఆ టబ్బులో బట్టలు నానతాయి. పింఛను సంగతీ అంతే. తెలంగాణలో ఫైలేరియా ఉన్నవాళ్లకి ఆసరా కింద నెలకి 2,016 రూపాయలు వస్తాయి, మన ఆంధ్రలో ప్రత్యేక పింఛను కావాలంటే రెండు కాళ్లకీ నాలుగో గ్రేడు రావాలి. అంత ముదరకుండా కష్టపడి కాపాడుకున్నవాళ్లకి ఏమీ లేదు. ఇది తలుచుకుంటే మళ్లీ మండుతుంది.

ఆశ కోసం నేను ఇప్పుడు కాలు కొలిచే టేపు వంక చూడను. టేపు కొలత పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. కొలవాలనుకుంటే మంచం దిగకముందే, ప్రతిసారీ మడమ నుంచి ఒకే ఎత్తులో గుర్తు పెట్టి కొలవాలి. నేను చూసేది జ్వరాన్ని. ఈ వానల్లో ఇప్పటిదాకా బిళ్ల కట్టలేదు. నాట్ల టైములో మురుగంతా వీధిలోకి వచ్చింది, అయినా రాలేదు. అత్తయ్య ఇంకా "తగ్గుతుందా" అనే అడుగుతారు, అడగనివ్వండి. ఆవిడ కాలు, ఆవిడ ఆశ. సాయంత్రం తువ్వాలు మాత్రం ఆవిడే అడిగి తీసుకుని సందులు తుడుచుకుంటున్నారు.

శ్రావణంలో వాళ్ల తమ్ముడి మనవరాలి పెళ్లి ఉంది. ఇన్నాళ్లూ ఏ శుభకార్యానికి పిలిచినా "అక్కడ జ్వరం వస్తే ఎవరు చూస్తారు" అని మానేసేవారు. ఈసారి వస్తానన్నారు. బస్సులో కాలు కిందికి వేలాడేసి కూర్చుంటే దిగేసరికి దిమ్మెక్కిపోతుంది. ముందు సీటు చెప్పించి, పాదం కింద బట్టల సంచీ పెట్టాలి. బస్సు ఆగినప్పుడల్లా నాలుగడుగులు నడిపించాలి. సబ్బు, రెండు పాత నూలు గుడ్డలు, ఆయింట్‌మెంటు, పారాసిటమాల్ విడిగా చేతిసంచీలో. అంచులు ఒరవని వెడల్పు పట్టీ ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు, కొత్తవి వద్దు, అలవాటైనవే. ముహూర్తం రాత్రి పన్నెండు దాటాకట, పందిట్లో ఆవిడ కుర్చీకి ఎదురుగా ఇంకో కుర్చీ వేయించమని పెళ్లివాళ్లకి రేపే ఫోన్ చేసి చెప్పాలి.