అరెస్టయ్యారా: అవును / కాదు

అత్తయ్య పడుకున్నారు, ఈయన గురక మొదలైంది. నాకు నిద్ర పట్టక ఇది కొడుతున్నా.

మన షాపుకొచ్చి కంప్యూటర్ నేర్చుకున్న ఒడిశాలో మోహన అనే ఊరి వైపు అబ్బాయి, అదే, గంజాయి కేసు అబ్బాయి. విశాఖలో ఒక చిన్న కంపెనీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని ఇస్తానంది. ఆఫర్ లెటర్ చూపించడానికి సాయంత్రం ఛెనాపోడ, అదే ఒడియావాళ్ల కాల్చిన పనీర్ మిఠాయి, పట్టుకొచ్చాడు, సగం అత్తయ్యే తినేశారు. ఆ ముచ్చట అంతే. లెటర్ వెనకాలే వెరిఫికేషన్ ఫారం. అందులో ఒక గడి: "మీరు ఎప్పుడైనా అరెస్టయ్యారా? అవును / కాదు."

శిక్ష పడిందా అని కాదు, అరెస్టయ్యారా అని! కిరాయికి వ్యాన్ తోలినవాడు. వెనక మూటల్లో ఏముందో వీడికి తెలుసంటే కోర్టు నమ్మలేదు, వదిలేసింది. కానీ అది తేలేదాకా లోపలే. గంజాయి ఇరవై కిలోలు దాటితే మత్తుమందుల చట్టం, అదే ఎన్‌డీపీఎస్ చట్టం, 37వ సెక్షన్ అడ్డం, బెయిలు గగనం. 2022 చివరి లెక్కల్లో మన జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. వీళ్లంతా రేపు ఆ గడిలో టిక్కు పెట్టాల్సినవాళ్లే.

కంపెనీకి ఫోన్ చేయించా. "జస్ట్ ఫార్మాలిటీ అండీ" అంది ఫోనెత్తిన అమ్మాయి. ఫార్మాలిటీ అయితే తీసెయ్యొచ్చుగా తల్లీ!

అమెరికాలో శాన్ క్వెంటిన్ జైల్లో ద లాస్ట్ మైల్ అనే సంస్థ 2014లో కోడింగ్ క్లాసులు పెట్టింది, అదీ ఇంటర్నెట్ లేకుండా. నేర్చుకుని బయటికొచ్చినవాళ్ల కోసం ఆఫీసు మెసేజింగ్ యాప్ చేసే స్లాక్ కంపెనీ 2018లో అప్రెంటిస్ కార్యక్రమం ప్రకటించింది. ఆ ఏడాది నుంచే కాలిఫోర్నియాలో ఆఫర్ ఇచ్చాకే పాత శిక్షల సంగతి అడగాలన్న చట్టం వచ్చింది. మనవాళ్లూ ఆఫర్ ఇచ్చాకే అడిగారుగా అంటారేమో. అక్కడ శిక్ష పడని అరెస్టును లెక్కలోకే తీసుకోకూడదు. మన దగ్గరా 2021లో ఢిల్లీ హైకోర్టు, నిర్దోషిగా బయటపడినా ఉద్యోగం దొరకని ఒకాయన తీర్పు గూగుల్‌లో కనపడకుండా చెయ్యమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అదీ ఎన్‌డీపీఎస్ కేసే.

తాతయ్య కొట్టు గుర్తొచ్చింది. ఒడిశాలోని పర్లాకిమిడి బజార్లో పద్దులు రాసే మావయ్య ఉండేవారు. గట్టు తగాదాలో తల పగలగొట్టి బరంపురం జైలుకెళ్లొచ్చిన మనిషి. అక్కడే ఒడియా రాయడం నేర్చుకున్నారట. మా ఇంట్లో అందరికీ ఒడియా మాటలే వచ్చు, రాత రాదు. సేల్స్ ట్యాక్స్ ఆఫీసు నుంచి కాగితం వచ్చిందంటే తాతయ్యకి చెమటలు. ఆయన వచ్చాక ఆ బెంగ పోయింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత ఉండేది కాదు. అయినా కొందరు ఆడవాళ్లు చిల్లర ఆయన చేతిలోంచి తీసుకునేవారు కాదు, బల్ల మీద పెట్టమనేవారు. ఆయన పెట్టేవారు. జైలుకెళ్లొచ్చినవాడికి పద్దు పుస్తకం ఇచ్చాడు మా తాతయ్య అని ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నానో.

కానీ ఇనప్పెట్టె తాళం చివరిదాకా తాతయ్య మొలతాడుకే ఉండేది. అది మాత్రం ఎవరికీ చెప్పను.

ఇంకోటి. పనిలో పెట్టుకునే ముందు తాతయ్య అడక్కపోలేదు. అరుగు మీద కూర్చోబెట్టి, ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పమన్నారట. పొద్దు వాలేదాకా విన్నారట. అంటే అడగడమే తప్పు అని ఇందాక నేను ఊగిపోయింది సరి కాదేమో. అడగనీ. కాకపోతే ఆ గడిలో టిక్కు పడుతుంది గానీ మనిషి పట్టడు.

అత్తయ్యకీ వాడంటే ఇష్టమే. "గుంటడు మంచోడే గానీ, మన లాప్‌టాపు ఆడింటికి పంపకే" అన్నారు, నోట్లో ఛెనాపోడ ఉండగానే.

"ఏటి పెట్టమంటావక్కా?" అని వాడు. 'అవును' పెట్టి తీర్పు నకలు జతచెయ్యమన్నా. ఇప్పుడు అదీ చాలదనిపిస్తోంది. అక్కడ నకలు చదివేదెవరు? ఎల్లుండి పొద్దున్నే పాతపట్నం మీదుగా బస్సెక్కి, వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పుకోవాలి. వాడొక్కడూ వెళ్లలేడు, టెన్షన్ వస్తే తెలుగు మరిచిపోయి ఒడియాలోకి దిగిపోతాడు. నేను తోడు వెళ్తానంటే ఈయన షాపు ఎవరు చూస్తారంటారు. అత్తయ్య కూర్చుంటారు, జిరాక్స్ తియ్యడం ఆవిడకొచ్చు.