యూకేకి అమ్మానాన్నల విజిట్ వీసా: రిఫ్యూజ్ అయితే అప్పీల్ ఉందా?

మా అమ్మావాళ్లకి యూకే విజిట్ వీసా అప్లై చేశాం, ఇంకా డెసిషన్ రాలేదు. ఈలోపు మా ఊళ్లో కన్సల్టెంట్ ఒకాయన నాన్నతో "రిఫ్యూజ్ అయినా భయం లేదండీ, అప్పీల్ వేద్దాం, ఫీజు మాత్రం ముందే కట్టాలి" అన్నాడంట. నాన్న ఫోన్ చేసి "ఏమ్మా, కట్టమంటావా?" అంటే "వద్దు నాన్నా, ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు" అని చెప్పా. ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తున్నా, ఇలాంటి మాట నమ్మి డబ్బులు పోగొట్టుకునే పేరెంట్స్ ఎవరూ ఉండకూడదని.

ఒకప్పుడు అప్పీల్ నిజంగానే ఉండేది. ఫ్యామిలీని చూడ్డానికి వచ్చేవాళ్లకి 2000లో ఆ హక్కు ఇచ్చారు, బాబాయిలు, మేనమామలు, కజిన్స్ కూడా అందులోకి వచ్చేవాళ్లు. 2012 జులైలో వాళ్లని తీసేశారు, 2013 జూన్ 25 నుంచి పెట్టిన అప్లికేషన్లకైతే అమ్మానాన్నలకి కూడా ఆ హక్కు లేకుండా చేశారు. నాకు ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది. ఆఫీసర్ కాగితం తప్పుగా అర్థం చేసుకుంటే జడ్జి ముందు "అది కాదండీ, ఇదీ సంగతి" అని చెప్పుకునే దారి ఉండేది, ఇప్పుడు అది లేదు. అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ, అంటే ఆ డెసిషన్‌లో తప్పుందేమో మళ్లీ చూడమని ఇమిగ్రేషన్ వాళ్లనే అడగడం, అది కూడా విజిట్ వీసాకి ఉండదు.

అప్పీళ్లలో మిగిలింది హ్యూమన్ రైట్స్ అప్పీల్ ఒక్కటే, ఆర్టికల్ 8 కింద, అంటే కుటుంబ జీవితానికి ఉండే హక్కు కింద. కానీ పెళ్లయి వేరే దేశంలో ఉంటున్న కూతురికీ తల్లిదండ్రులకీ మధ్య ఉండే మామూలు ప్రేమాభిమానాలు దానికి చాలవు, అంతకుమించి ఒకరి మీద ఒకరు ఆధారపడి ఉన్నారని చూపించాలి. మామూలు విజిట్ కేసుల్లో అది నిలబడటం చాలా కష్టం. అప్పీల్ కాకుండా ఇంకో దారి జ్యుడీషియల్ రివ్యూ, అంటే డెసిషన్ చట్టప్రకారం ఉందో లేదో చూడమని కోర్టుని అడగడం. అది ఆలస్యం చేయకుండా, ఎంత లేటయినా మూడు నెలల్లోపు వేయాలి, దానికి ముందు ప్రీ యాక్షన్ లెటర్ (కేసు వేయబోతున్నామని ముందే చెప్పే లెటర్) రాసి మామూలుగా 14 రోజులు టైమ్ ఇవ్వాలి. అందులో గెలిచినా జడ్జి వీసా చేతికివ్వడు, డెసిషన్ చట్టప్రకారం లేదని తేలిస్తే మళ్లీ చూడమని వెనక్కి పంపిస్తారు అంతే. లాయర్‌కి వేల పౌండ్లు అవుతాయి, అదే ఆరు నెలల విజిట్ వీసా ఫీజు 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లు చేశారు. అందుకే చాలా కేసుల్లో కారణం సరిచేసుకుని మళ్లీ అప్లై చేయడమే మేలు, దానికి ఇన్ని రోజులు ఆగాలని రూల్ కూడా ఏం లేదు.

కాకపోతే లెటర్‌లో "మోసం చేశారు, దొంగ కాగితాలు పెట్టారు" అని రాస్తే మాత్రం వదిలేయొద్దు. పదేళ్ల వరకు బ్యాన్ పడే విషయం అది. అక్కడ ఖర్చయినా సరే వెంటనే మంచి ఇమిగ్రేషన్ లాయర్‌ని పట్టుకోవాల్సిందే.

అసలు జాగ్రత్తంతా అప్లికేషన్ పెట్టేటప్పుడే పడాలి. మా నాన్నది మిర్చి వ్యవసాయం. ఏడాదంతా అకౌంట్‌లో పెద్దగా ఏం కదలదు, పంట యార్డులో అమ్మాక మొత్తం డబ్బు ఒకేసారి పడుతుంది. మనకి అది మామూలే, కానీ మిర్చి యార్డు అంటే తెలియని ఆఫీసర్‌కి ఆ స్టేట్‌మెంట్ చూస్తే వీసా కోసం ఎవరి దగ్గరో తెచ్చి వేసినట్టే కనపడుతుంది. పైగా వ్యవసాయ ఆదాయానికి ట్యాక్స్ లేదు కాబట్టి నాన్నకి ఐటీ రిటర్న్స్ కూడా లేవు. అందుకని కమిషన్ కొట్టువాళ్లు ఇచ్చిన పట్టీలు (పంట అమ్మిన లెక్క రాసిచ్చే చీటీలు), పట్టాదారు పాస్‌బుక్, అడంగల్ పెట్టి, తెలుగులో ఉన్నవాటికి సర్టిఫైడ్ ట్రాన్స్‌లేషన్ జతచేసి, ఏ తేదీన పడిన డబ్బు ఏ పట్టీదో వరసగా ఒక పేజీ లెటర్ రాశాం. ఆ పేజీకి పట్టినంత టైమ్ మిగతా దేనికీ పట్టలేదు, కానీ నా దృష్టిలో మొత్తం ఫైల్‌లో ముఖ్యమైంది అదే.

తర్వాత, వెనక్కి వస్తారా అన్నది. చెల్లి ఇంటర్ చదువుతోంది, నానమ్మని చూసుకోవాలి, జూన్‌లో పొలం పనులు మొదలవుతాయి, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశాం. నా పేస్లిప్స్, బ్యాంక్ స్టేట్‌మెంట్స్ కూడా పెట్టాం, కానీ స్పాన్సర్ జీతం ఎంతున్నా వచ్చేవాళ్ల పరిస్థితి విడిగా చూస్తారు. మా పాప ఇంకా వాళ్ల అమ్మమ్మని ఫోన్‌లోనే చూస్తోంది, ఎత్తుకోవాలని అమ్మకి ఎంత ఆశో నాకు తెలుసు. అయినా లెటర్‌లో అదొక్కటే రాస్తే సరిపోదు.

ఒకవేళ రిఫ్యూజ్ అయితే లెటర్ పూర్తిగా, ఒక్కో లైన్ చదవండి, ఏ కాగితం నమ్మలేదో, ఏది చూడలేదో అందులోనే ఉంటుంది. మళ్లీ అప్లై చేసేటప్పుడు గతంలో రిఫ్యూజ్ అయిందా అని అడుగుతారు, చాలా దేశాల ఫారాల్లో ఈ ప్రశ్న ఉంటుంది, ఎవరెన్ని చెప్పినా అది దాచొద్దు. రిఫ్యూజల్ ఉన్నా మళ్లీ వీసా వస్తుంది, దాచినట్టు తేలితేనే ఆ పదేళ్ల గొడవ మొదలవుతుంది.