అడ్డాకు మీద చాక్లెట్

మన పర్లాకిమిడి బడి పూర్వ విద్యార్థుల సంచికకు జ్ఞాపకాలు రాయమంటే ఎక్కువమంది మాస్టర్ల గురించీ, వార్షికోత్సవం నాటకాల గురించీ రాస్తారు. అవి రావలసినవే. నేను మాత్రం డిసెంబరు సెలవులకు ముందు పదో తరగతి గదిలో మనం చేసుకున్న ఉప్పు చాక్లెట్ గురించి రాస్తాను. మన తర్వాత చదివినవాళ్లకు దాని సంగతి తెలియదు. తెలియాలని నా కోరిక.

1990ల చివరి మాట ఇది. మన గజపతి జిల్లా ఏర్పడి (1992) ఇంకా కొన్నేళ్లే. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలు అప్పటికి నడుస్తూనే ఉంది. ఇప్పుడు అదే దారిలో బ్రాడ్‌గేజి రైలు వెళ్తోంది గానీ, చిన్న రైలు కిటికీలోంచి మహేంద్రగిరి వైపు కొండలు చూసిన కళ్లకు ఈ వేగం ఆనదు. మన పర్లాకిమిడి 1936లో ఒడిశాలో చేరింది, కూతవేటు దూరంలోని పాతపట్నం ఆంధ్రలో ఉండిపోయింది. మన తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, ఒడియా మాట్లాడేవాళ్లు, గుమ్మ, సెరంగో కొండల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర తెగ పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునేవారు. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టిన ఊరు కదా ఇది. ఆ పిల్లల్లో చాలామంది క్రైస్తవులు. క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లడమంటే వాళ్లకు ఏడాదంతా ఎదురుచూసిన పండుగ. వట్టి చేతులతో వెళ్లకూడదని మన సైన్సు టీచరుగారు అనుకున్నారు. అక్కడ మొదలైంది ఇదంతా.

బడిలో ఓవెన్ లేదు, వంటగది కూడా లేదు. ఉన్నదల్లా ఒక కిరోసిన్ స్టవ్వు, నీళ్లు కాచే గిన్నె, దాని మీద కూర్చునే వెడల్పాటి స్టీలు బేసిన్. టీచరుగారు విశాఖపట్నం వెళ్లినప్పుడు బేకరీలవాళ్లు వాడే చాక్లెట్ దిమ్మ తెచ్చారు. మిగతావన్నీ మన చుట్టుపక్కలవే. కాశీబుగ్గలో మేనత్త ఉన్న అమ్మాయి పలాస జీడిపప్పు తెచ్చింది. నిండు గుండ్లు కాదు, ధర తక్కువగా దొరికే బద్దలూ ముక్కలూ. ఒడియా మిత్రుడి ఇంటి నుంచి కరకరలాడే మరమరాలు వచ్చాయి. నౌపడ ఉప్పు మళ్ల నుంచి వచ్చిన కల్లుప్పు ఎవరింట్లో చూసినా ఉండేది. కొట్టులో కొన్న ఉప్పు బిస్కెట్లు, వేయించిన వేరుసెనగపప్పు సరేసరి.

చాక్లెట్‌ను ఆరబోయడానికి వెన్న కాగితం కావాలి. అది ఊళ్లో దొరకలేదు. అప్పుడు సవర పిల్లలే దారి చూపారు. అడ్డాకులు! విస్తళ్లు కుట్టడానికి వాళ్ల ఇళ్లలో కట్టలు కట్టలుగా కోసుకొచ్చే ఆకులు. ఒక్కో ఆకు చాటంత ఉంటుంది. కింది వైపు నూగు ఉంటుంది, పై వైపు నున్నగా మెరుస్తుంది. నున్నటి వైపునే వాడాలని, తుడిచి నీడలో తడి లేకుండా ఆరబెట్టాలని వాళ్లే చెప్పారు. ఆ రోజు తరగతిలో ఉపాధ్యాయులు వాళ్లే. ఎప్పుడూ వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చునే అబ్బాయి ఆకుల్ని ఒకదాని అంచు మీద ఒకటి పేర్చి, పుల్లలతో కుట్టి, బల్లంత పళ్లెం చేసి చూపించాడు.

ఇక పని. నీళ్లు మరిగాక స్టవ్వు తగ్గించి పైన బేసిన్ పెట్టాలి. బేసిన్ అడుగు నీటికి తగలకూడదు. చాక్లెట్‌ను చిన్న ముక్కలుగా తరిగి వేసి, పొడి గరిటెతో మెల్లగా తిప్పుతూ ఉండాలి. ఒక్క నీటి చుక్క పడినా ఏమవుతుందో టీచరుగారు ఒక చెంచాలో వేరుగా తీసి చూపించారు. అప్పటిదాకా జారుతున్న చాక్లెట్ చూస్తుండగానే బిరుసెక్కి ఇసుక ముద్దలా అయింది. కొవ్వులో తేలుతున్న చక్కెర, కోకో రేణువులు ఆ కాస్త తడికి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అదీ కారణం. కోకో వెన్న కరిగేది దాదాపు 34 డిగ్రీల దగ్గర, మన ఒంటి వేడి 37, అందుకే మంచి చాక్లెట్ నాలుక మీద కరుగుతుంది అని ఆవిడ చెప్పినప్పుడు ద్రవీభవన స్థానమనే పాఠం మాకు మళ్లీ చదవాల్సిన పని లేకపోయింది. మనం ఆ రోజు వాడిన దిమ్మలో కోకో వెన్నకు బదులు వేరే నూనె కొవ్వు ఉంటుంది. ఊరికే కరిగించి పోసినా గట్టిపడుతుంది. పిల్లలతో చేయించడానికి అదే మేలు.

కొలత కావాలన్నవారికి చెబుతున్నాను. అరకిలో చాక్లెట్‌కు రెండు గిద్దల మరమరాలు, వంద గ్రాముల వేయించిన జీడిపప్పు ముక్కలు, గుప్పెడు వేరుసెనగపప్పు, ఎనిమిదో పదో ఉప్పు బిస్కెట్లు. మరమరాలను ముందు పొడి మూకుడులో వేడిచేసి పూర్తిగా చల్లారనివ్వాలి, లేకపోతే మెత్తబడతాయి. బిస్కెట్లను చేత్తో విరిచి ఆకు మీద పరిచి, చాక్లెట్‌లో మరమరాలూ సగం పప్పులూ కలిపి పైన పోసి, గరిటె వీపుతో వేలు మందాన సర్దాలి. మిగిలిన పప్పులు పైన చల్లి అద్దాలి. ఉప్పు మాత్రం అప్పుడే వేయకూడదు. కల్లుప్పును రోట్లో ఒక్క దెబ్బ వేసి పలుకులు పలుకులుగా ఉంచుకుని, చాక్లెట్ మెరుపు తగ్గి పైన పొర కట్టబోతుండగా అరచెంచా కన్నా తక్కువే, ఎత్తు నుంచి చల్లాలి. చాక్లెట్‌లో నీరు లేదు కాబట్టి ఉప్పు కరగదు. పలుకు పలుకుగానే నిలిచి, కొరికినప్పుడు నాలుకకు ఒక్కసారి తగులుతుంది. ఉప్పు చేదును అణచి తీపిని పైకి తెస్తుంది. నల్ల చాక్లెట్ అంటే మొహం చిట్లించేవాళ్లు కూడా రెండో ముక్క అడిగేది ఇందుకే. మెత్తటి టేబుల్ సాల్ట్ వేస్తే ఈ రుచి రాదు, అంతా ఉప్పగా ఉంటుంది. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

డిసెంబరు ఉదయం చలికి ఫ్రిజ్ అవసరం లేకపోయింది. కిటికీ పక్కన పెట్టిన కొంతసేపటికి గట్టిపడింది. తిరగేసి ఆకును మెల్లగా ఒలిస్తే ఊడి వచ్చింది. అడుగున ఆకు ఈనెలన్నీ ఒక్కటీ తప్పకుండా అచ్చు పడ్డాయి. తరగతి మొత్తం అరిచింది. ప్రధానోపాధ్యాయులు ఏమైందో అని వచ్చి, చూసి, తనకూ ఒక ముక్క కావాలన్నారు.

నేను ఇన్నేళ్లుగా దీన్ని తలుచుకోవడానికి రుచి ఒక్కటే కారణం కాదు. మా ఇంట్లో సంక్రాంతి అరిసెల పాకం నానమ్మ మడి కట్టుకుని పట్టేది, పిల్లలం పొయ్యి దరిదాపులకు వెళ్లకూడదు. ఒడియా మిత్రుల ఇళ్లలో పిఠాలనే పిండివంటలకూ అలాంటి పద్ధతులే ఉండేవి. ప్రతి మిఠాయికీ ఒక ఇల్లు, ఒక కులం, ఒక పండుగ, ఒక పెద్ద చేయి ఉంటాయి. ఈ చాక్లెట్‌ను మాత్రం మా ఎవరి నానమ్మా ఏనాడూ చేయలేదు. ఇది ఇలాగే ఉండాలని చెప్పే ఇల్లు లేదు. అందుకే అందరి చేతులూ ఒకే బేసిన్‌లో పడ్డాయి. ఎవరు ముట్టుకున్నారు, ఎవరు ముట్టుకోలేదు అన్న మాట ఆ గదిలోకి రాలేదు. మన ఊళ్లో ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఆ టీచరుగారు తెలిసే చేశారని నా నమ్మకం. సైన్సు ప్రయోగమని పేరు పెట్టడం వల్ల ఏ ఇంటి పెద్దలకూ అభ్యంతరం చెప్పే వీలు లేకుండా పోయింది.

హాస్టల్ పిల్లలు తమ వాటాను అదే ఆకుల్లో చుట్టి, నారతో కట్టి కొండ బస్సు ఎక్కారు. జనవరిలో తిరిగి వచ్చి, చర్చిలో అందరికీ తలా చిన్న ముక్క విరిచి పంచామని చెప్పారు.

ఇప్పుడు నేను బరంపురంలో ఉంటున్నాను. అసలైన కోకో వెన్న చాక్లెట్ ఇప్పుడు సులువుగా దొరుకుతోంది. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడలో పండిన కోకోతోనే చేసినది కూడా ఉంది. దానితో చేసేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మూడింట రెండు వంతులే కరిగించి, దింపి, మిగిలిన వంతు ముక్కల్ని అందులో వేసి 31, 32 డిగ్రీలకు చల్లబడేదాకా కలపాలి. అలా చేయకపోతే పైన తెల్లటి మచ్చలు వస్తాయి. అది బూజు కాదు, కొవ్వు పైకి తేలడం. తినవచ్చు, కానీ నిగనిగ ఉండదు, విరిస్తే టక్కుమనదు.

ఈ డిసెంబరు కలయికలో మళ్లీ చేద్దామని మన తరగతివాళ్లం అనుకున్నాం. ఆకులు గుమ్మ మిత్రులు తెస్తామన్నారు, జీడిపప్పు పలాస వైపు నుంచి వచ్చేవాళ్లది. చాక్లెట్, ఉప్పు నా బాధ్యత. మిగతా బ్యాచ్‌లవాళ్లు కూడా రండి, కాకపోతే తొమ్మిదింటికల్లా రావాలి. ఎండెక్కితే గట్టిపడదు.